గోల్ఫ్ కార్ట్‌లలో లిథియం బ్యాటరీలు: ఛార్జింగ్, పర్యవేక్షణ

పరిశోధనా క్షేత్రాలలోను, విశ్వవిద్యాలయ ప్రాంగణాలలోను సందర్శకులను తిప్పడానికి, నమూనాలను, పరికరాలను చేరవేయడానికి బ్యాటరీ బండ్ల వినియోగం పెరుగుతోంది. వీటిలో చాలావరకు నిర్మాణరీత్యా గోల్ఫ్ కార్ట్‌లే. దశాబ్దాల పాటు ఈ బండ్లు సీసం-ఆమ్ల బ్యాటరీలతోనే నడిచాయి. 48 వోల్టుల బండిలో 8 వోల్టులవి ఆరు గాని, 12 వోల్టులవి నాలుగు గాని సీటు కింద వరుసగా ఉండేవి. ఇప్పుడు వాటి స్థానంలో లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు వస్తున్నాయి. బ్యాటరీ మారినా పాత మీటరు, పాత ఛార్జరు, పాత అలవాట్లు మాత్రం చాలాచోట్ల అలాగే కొనసాగుతున్నాయి. చిక్కు మొదలయ్యేది అక్కడే.

ఉదయం మీటరు నిండుగా చూపుతుంది. మధ్యాహ్నానికీ దాదాపు నిండుగానే ఉంటుంది. మరికొంత సేపటికి ఏ హెచ్చరికా లేకుండా బండి పొలాల మధ్య ఆగిపోతుంది. బ్యాటరీ నాసిరకమని ఫిర్యాదు చేసే ముందు మీటరును అనుమానించడం మేలు.

వోల్టేజి చెప్పని సంగతి

సీసం-ఆమ్ల బ్యాటరీలో విద్యుత్తు ఖర్చయ్యేకొద్దీ ఆమ్లం పలచబడుతుంది, దానితోపాటు వోల్టేజి కూడా క్రమంగా తగ్గుతుంది. నాలుగు 12 వోల్టుల బ్యాటరీలు నిండుగా, విశ్రాంతి స్థితిలో ఉన్నప్పుడు దాదాపు 50.9 వోల్టులు చూపి, సగానికి వచ్చేసరికి సుమారు 48.5 వోల్టులకు దిగుతాయి. సందేహముంటే హైడ్రోమీటరుతో సాపేక్ష సాంద్రత చూసుకోవచ్చు.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ స్వభావం వేరు. టెక్సాస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడినఫ్ బృందం 1997లో ఈ పదార్థాన్ని వెలుగులోకి తెచ్చింది. ఇందులో లిథియం ఉన్న దశ, లిథియం తొలగిన దశ పక్కపక్కనే ఉంటాయి. బ్యాటరీ పనిచేస్తున్నంతసేపూ వాటి నిష్పత్తి మారుతుందే గాని వోల్టేజి పెద్దగా మారదు. మంచు పూర్తిగా కరిగేవరకు ఉష్ణోగ్రత సున్నా వద్దే నిలిచి ఉండటం వంటిదే ఇదీ. 16 సెల్లులను వరుసగా కలిపిన 51.2 వోల్టుల బ్యాటరీ 80 శాతం నుంచి 30 శాతానికి దిగినప్పుడు, విశ్రాంతి స్థితిలో మొత్తం వోల్టేజిలో కనిపించే తేడా సుమారు ఒక వోల్టు మాత్రమే. అదే బండి ఎత్తు ఎక్కేటప్పుడు 200 ఆంపియర్లు తీసుకుంటే, లోపలి నిరోధం 20 మిల్లీఓమ్‌లు అనుకున్నా 4 వోల్టులు పడిపోతాయి. ఒక వోల్టు సంకేతాన్ని నాలుగు వోల్టుల ఒడుదొడుకుల్లో వెదకవలసి వస్తుంది. పైగా సీసం-ఆమ్ల బ్యాటరీకి అనువుగా తయారైన మీటరు 51 వోల్టులు దాటితే నిండుగానే లెక్కిస్తుంది. కాబట్టి చివరి అంచుకు చేరేవరకు దానికి ప్రమాదం కనిపించదు.

చెరువులో నీటి మట్టం చూసి నిల్వ అంచనా వేయడం మనకు అలవాటే. మట్టం తెలియని చెరువైతే వచ్చే నీటిని, పోయే నీటిని తూముల వద్ద కొలిచి లెక్క రాసుకోవడమే మార్గం. లిథియం బ్యాటరీలో ఆ తూము వంటిది షంట్. ఇది చాలా స్వల్ప నిరోధం గల లోహపు పట్టీ. సాధారణంగా దొరికే 500 ఆంపియర్ల షంట్‌లో పూర్తి ప్రవాహం సాగినప్పుడు 50 మిల్లీవోల్టుల తేడా ఏర్పడుతుంది. మానిటరు ఆ తేడాను ఎడతెగక కొలుస్తూ ఆంపియర్-గంటల లెక్క కడుతుంది.

షంట్‌ను బ్యాటరీ రుణ ధ్రువానికి, తక్కిన బండికి మధ్య అమర్చాలి. రుణ ధ్రువం మీద షంట్ తీగ తప్ప మరే తీగా ఉండరాదు. ఛార్జరు తీగను నేరుగా ధ్రువానికి బిగిస్తే, లోపలికి వచ్చిన విద్యుత్తు లెక్కలోకి రాదు. బ్యాటరీ నిండినా మానిటరు ఖాళీ అంటుంది. దీపాలకు, హారన్‌కు 12 వోల్టులు ఇచ్చే కన్వర్టరు తీగను అక్కడే కలిపితే ఇందుకు విరుద్ధంగా జరుగుతుంది. ఖర్చు కనబడదు.

ఈ లెక్కలోనూ దోషం పేరుకుంటుంది. షంట్ సక్రమంగా పట్టుకోలేని 0.2 ఆంపియర్ల ప్రవాహమున్నా రోజుకు 4.8 ఆంపియర్-గంటలు తప్పిపోతాయి. పది రోజులకు ఆ తేడా 48కి చేరుతుంది. 105 ఆంపియర్-గంటల బ్యాటరీలో ఇది దాదాపు సగం. అందుకే బ్యాటరీ పూర్తిగా నిండిన ప్రతిసారీ మానిటరు తన లెక్కను 100 శాతానికి సరిచేసుకునే ఏర్పాటు ఉంటుంది. ఛార్జరు 58.4 వోల్టుల వరకు వెళ్తుంటే, మానిటరులో 'నిండిన' వోల్టేజిని దానికంటే కొద్దిగా తక్కువగా, ఉదాహరణకు 57.6గా పెట్టాలి. చివరి ప్రవాహాన్ని సామర్థ్యంలో నాలుగైదు శాతంగా పెట్టాలి. రెండు అంకెలనూ సమానంగా పెడితే లెక్క ఎన్నటికీ సరిదిద్దుకోకపోవచ్చు. బిగించేటప్పుడు పది నిమిషాలు పట్టే ఈ పనిని విస్మరించి, తరువాత మానిటరు పనికిరానిదని పక్కన పడేసే వారున్నారు.

ఛార్జింగ్

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్లును 3.65 వోల్టుల వరకు నింపవచ్చు. 16 సెల్లులకు ఇది 58.4 వోల్టులు. ఛార్జరు మొదట స్థిర ప్రవాహాన్ని, ఆ వోల్టేజి చేరిన పిమ్మట స్థిర వోల్టేజిని ఇచ్చి, ప్రవాహం తగ్గగానే ఆగిపోవాలి. సీసం-ఆమ్ల ఛార్జర్లలో సమీకరణ ఛార్జింగ్ అనే దశ ఉంటుంది. అందులో వోల్టేజి 62 దాకా, అంటే సెల్లుకు 3.87కు పైగా పోతుంది. అప్పుడు బ్యాటరీ నిర్వహణ వ్యవస్థ అడ్డుపడి సంబంధాన్ని తెంచివేస్తుంది. అయితే ఆ వ్యవస్థ చివరి రక్షణ మాత్రమే. రోజూ దానిపైనే భారం మోపడం, చెరువుకు అలుగు ఉంది కదా అని తూములు మూయకపోవడం వంటిది.

105 ఆంపియర్-గంటల బ్యాటరీలో నిల్వ ఉండే శక్తి 5.4 యూనిట్లు. 20 ఆంపియర్ల ఛార్జరుతో ఖాళీ నుంచి నిండడానికి అయిదున్నర గంటలు చాలు. ఆ ఛార్జరు గోడ సాకెట్టు నుంచి అయిదున్నర ఆంపియర్లకు పైగా గంటల తరబడి తీసుకుంటుంది. 6 ఆంపియర్ల సాకెట్టు, సన్నని పొడిగింపు తీగ ఇందుకు తగవు. 16 ఆంపియర్ల సాకెట్టు వాడాలి.

రోజూ నూటికి నూరు నింపనవసరం లేదు. కాని వారం పది రోజులకొకసారైనా పూర్తిగా నింపాలి. మానిటరు లెక్క సరిపడటం ఒక కారణం, సెల్లుల మధ్య సమతుల్యం మరొకటి. చాలా బ్యాటరీలలో ఈ సమతుల్యం పై అంచు దగ్గరే, అదీ పదుల మిల్లీఆంపియర్లతోనే జరుగుతుంది. ఒక సెల్లు 3 ఆంపియర్-గంటలు వెనుకబడితే 60 మిల్లీఆంపియర్లతో సరికావడానికి 50 గంటలు కావాలి. తరచూ కొంచెం కొంచెంగా సరిచేయడమే సులువు.

వాలు, ఎండ, సెలవులు

గుట్టల ప్రాంతంలో వాడే బండ్ల విషయంలో ఒక హెచ్చరిక అవసరం. కొన్ని బండ్లలో వాలు దిగేటప్పుడు మోటారే జనరేటరుగా మారి వేగాన్ని అదుపు చేస్తూ విద్యుత్తును బ్యాటరీకి తిరిగి పంపుతుంది. అంచు దాకా నిండిన బ్యాటరీ దానిని స్వీకరించలేదు. నిర్వహణ వ్యవస్థ సంబంధం తెంచితే మోటారు బ్రేకు ఒక్కసారిగా పోతుంది. ప్రయాణం వాలుతోనే మొదలయ్యే చోట 90 శాతం దగ్గరే ఛార్జింగ్ ఆపడం శ్రేయస్కరం. పాదపు బ్రేకు సరిగా పనిచేస్తున్నదో లేదో ముందే చూసుకోవాలి.

చాలా లిథియం బ్యాటరీలకు ఛార్జింగ్ సమయంలో ఉష్ణోగ్రత పరిమితి 45 డిగ్రీల సెల్సియస్. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల మే నెలలో బయటి గాలే ఆ స్థాయిని తాకుతుంది. రేకుల షెడ్డు కింద సీటు లోపలి వేడి అంతకు మించుతుంది. వేసవిలో సాయంత్రం బండి రాగానే కాక, చల్లబడ్డాక తెల్లవారుజామున ఛార్జ్ చేయాలి.

సెలవుల్లో బండిని నిండుగా నింపి వదిలేయడం సీసం-ఆమ్ల కాలపు మంచి అలవాటు. లిథియం నిండుగా, వేడిలో నిలువ ఉంటే త్వరగా వయసు మీరుతుంది. 50-60 శాతం వద్ద ఉంచి, ప్రధాన స్విచ్చి ఆపివేయాలి. ఆపకపోతే ఇందాకటి 0.2 ఆంపియర్లే నిండు బ్యాటరీని సుమారు మూడు వారాల్లో, సగమున్న దానిని పది పన్నెండు రోజుల్లో ఖాళీ చేస్తాయి. అప్పుడు నిర్వహణ వ్యవస్థ సంబంధం తెంచుతుంది, ధ్రువాల వద్ద వోల్టేజి సున్నా కనిపిస్తుంది. చాలా ఛార్జర్లు అసలు మొదలే కావు. బ్యాటరీ చచ్చిపోయిందని పారవేసే ముందు విక్రేత చేత దానిని మేల్కొలిపే ప్రయత్నం చేయించాలి. నిజంగానే పనికిరానిదైతే 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం సేకరణ లేదా రీసైక్లింగ్ చేసే సంస్థకు అప్పగించాలి.

రైతు ఇంటి వద్ద

విస్తరణ శాస్త్రవేత్తలకు ఇదే సమస్య బ్యాటరీ స్ప్రేయర్లలో ఎదురవుతుంది, ఇంకా ప్రమాదకర రూపంలో. '12 వోల్టుల లిథియం' అనే ఒకే పేరుతో రెండు రకాలు ఉన్నాయి. నాలుగు ఐరన్ ఫాస్ఫేట్ సెల్లులున్నది 14.6 వోల్టుల వద్ద నిండుతుంది. మూడు నికెల్-మాంగనీస్-కోబాల్ట్ సెల్లులున్నది 12.6 వద్దే నిండుతుంది. మొదటి దాని ఛార్జరును రెండవ దానికి తగిలిస్తే ఒక్కో సెల్లుపై 4.2కు బదులు దాదాపు 4.87 వోల్టులు పడతాయి. లోపల రక్షణ వలయం లేకున్నా, పాడైనా నిప్పు పుట్టవచ్చు. పిన్ను సరిపోయినంత మాత్రాన ఛార్జరు సరిపోయినట్లు కాదు. క్షేత్ర సందర్శనకు వెళ్లినప్పుడు రైతు ఛార్జరు వెనుక ముద్రించిన అవుట్‌పుట్ వోల్టేజిని, బ్యాటరీ మీది అంకెతో సరిపోల్చి, రెండింటి మీదా ఒకే రంగు టేపు అంటించి రావాలి.