రాజుగారి బిడ్డ రోగం.. దాచితేనే ముప్పు!

రష్యా చివరి చక్రవర్తి కుటుంబం కథ వందేళ్లు దాటినా పాతబడలేదు. ఆ కథలో అందరూ తుపాకుల గురించే చెప్పుకుంటారు. ఆ ఇంట్లో అంతకు పద్నాలుగేళ్ల ముందే అడుగుపెట్టిన జబ్బు మాత్రం మన ఇళ్లలోనూ ఉంది. దాని పేరు హిమోఫిలియా.

1918 జూలై 17 తెల్లవారుజామున యెకాతెరిన్‌బర్గ్‌లోని ఓ ఇంటి నేలమాళిగలో రెండో నికోలస్‌ను, భార్య అలెగ్జాండ్రాను, నలుగురు కూతుళ్లను, పదమూడేళ్ల కొడుకు అలెక్సీని కాల్చి చంపారు. చిన్న కూతురు అనస్తీసియా తప్పించుకుందన్న పుకారు దశాబ్దాల పాటు నడిచింది. దానిమీద సినిమాలూ వచ్చాయి. తానే అనస్తీసియానని చెప్పుకున్న అన్నా ఆండర్సన్ 1984లో చనిపోయింది. ఆమెకు ఆ కుటుంబంతో రక్తసంబంధం లేదని పదేళ్ల తర్వాత డీఎన్ఏ పరీక్షలో తేలింది.

ఇలాంటి కథ మన సీమకూ ఉంది. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధాని మన పెనుకొండకు వచ్చింది. తర్వాత చంద్రగిరికి, వేలూరుకు మారింది. 1614లో రెండో వేంకటపతిరాయలు కన్నుమూశాక గద్దెనెక్కిన శ్రీరంగరాయలు జగ్గరాయుడి కుట్రకు వేలూరులో భార్యాబిడ్డలతో సహా బలయ్యాడు. యాచమనాయకుడు ఓ రజకుడి సాయంతో రహస్యంగా బయటకు చేర్చిన కొడుకు రామదేవుడు ఒక్కడే మిగిలాడు. పిల్లవాడు బతికాడా లేదా అన్నదే ఇలాంటి కథల్లో మన మనసును పట్టుకుంటుంది. అలెక్సీకైతే శత్రువు కోట బయట లేడు, ఒంట్లోని రక్తంలోనే ఉన్నాడు.

బొడ్డు దగ్గర మొదలు

నలుగురు ఆడపిల్లల తర్వాత 1904లో అలెక్సీ పుట్టాడు. కొన్ని వారాలకే బొడ్డు నుంచి రక్తం కారడం మొదలైంది. చిన్న దెబ్బకే కీళ్లలోకి, కండరాల్లోకి రక్తం చేరి రోజుల తరబడి విలవిల్లాడేవాడు. 1912లో స్పాలాలో ప్రాణం మీదకే వచ్చింది. అయినా జబ్బు ఏమిటో రాజభవనం ప్రజలకు చెప్పలేదు. దిక్కుతోచని తల్లి రస్పుటిన్ అనే సాధువును నమ్ముకుంది. పిల్లవాడి జబ్బు సంగతి తెలియని జనానికి ఆ సాధువుకు అంతఃపురంలో ఏం పనో అర్థం కాలేదు. రకరకాల పుకార్లు పుట్టాయి. యుద్ధం, ఆకలితో రగిలిపోతున్న దేశంలో అవి రాజు పరువును మరింత తీశాయి.

వైద్యులు పిల్లవాణ్ని ఎక్కువ కదిలించకూడదన్న రస్పుటిన్ సలహా వల్ల ఆస్పిరిన్ ఆగి, కొంత మేలు జరిగి ఉండొచ్చని కొందరి ఊహ. ఊహ సంగతి ఎలా ఉన్నా, ఈ జబ్బున్నవారికి ఆస్పిరిన్ ప్రమాదమన్నది మాత్రం నిజం. చివరి రాత్రి కూడా అలెక్సీ నడవలేని స్థితిలోనే ఉన్నాడు. తండ్రే ఎత్తుకుని కిందికి దించాడు. ఎముకల మీద జరిపిన పరీక్షల్లో, అతనికున్నది ఫ్యాక్టర్-9 లోపించే హిమోఫిలియా-బి అని 2009లో తేలింది.

తల్లి తప్పు కాదు

రక్తం గడ్డకట్టడానికి మన ఒంట్లో కొన్ని ప్రొటీన్లు వరుసగా పనిచేయాలి. వాటినే ఫ్యాక్టర్లు అంటాం. ఎనిమిదోది లోపిస్తే హిమోఫిలియా-ఎ. ఇది పుట్టే మగపిల్లల్లో సుమారు 5 వేల మందిలో ఒకరికి వస్తుంది. తొమ్మిదోది లోపిస్తే హిమోఫిలియా-బి, ఇది ఇంకా అరుదు.

లోపం ఉండేది ఎక్స్ క్రోమోజోములో. తల్లికి రెండు ఎక్స్‌లు ఉంటాయి కాబట్టి ఒకటి చెడినా రెండోది చాలావరకు ఆదుకుంటుంది. ఆమెను క్యారియర్ అంటాం. కొడుక్కి ఉండేది ఒక్కటే ఎక్స్, అదీ తల్లి ఇచ్చేదే. అందుకే క్యారియర్ తల్లికి పుట్టే ప్రతి కొడుక్కీ జబ్బు వచ్చే అవకాశం సగం, ప్రతి కూతురూ క్యారియర్ అయ్యే అవకాశం సగం. విక్టోరియా రాణి నుంచి కూతురు ఆలిస్‌కు, ఆమె నుంచి అలెగ్జాండ్రాకు, ఆమె నుంచి అలెక్సీకి వచ్చింది ఇలాగే. జబ్బున్న మగవాడి కూతుళ్లందరూ క్యారియర్లే అవుతారు. అతని నుంచి కొడుకులకు మాత్రం రాదు.

'మా వంశంలో ఎవరికీ లేదు, కోడలు తెచ్చింది' అనే మాట ఓపీలో తరచూ వింటుంటాం. సుమారు మూడింట ఒక వంతు కేసుల్లో కుటుంబంలో అంతకుముందు ఎవరికీ జబ్బు ఉండదు. జన్యువులో మార్పు కొత్తగా వస్తుంది. ఎవరి నుంచి వచ్చినా అది ఎవరి తప్పూ కాదు.

మేనరికం సంగతేమిటి? హిమోఫిలియా రావడానికి మేనరికం అక్కర్లేదు. అయితే జబ్బున్న వ్యక్తి అక్క కూతురిని చేసుకుంటే, ఆ అమ్మాయి క్యారియర్ అయ్యే అవకాశం ఉంది. అలా జరిగితే పుట్టే ఆడపిల్లకూ జబ్బు రావచ్చు. మేనమామ సంబంధాలు ఇంకా జరిగే మన సీమలో ఇది గుర్తుంచుకోవాలి.

అన్నీ ఫ్లోరైడ్ నొప్పులు కావు

అనంతపురం ప్రాంతంలో కీళ్లు నొప్పి అనగానే బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ మీద నెపం వేస్తాం. పెద్దవాళ్లలో అది నిజం కావచ్చు. కానీ పాకే వయసు, నడక నేర్చే వయసు మగపిల్లవాడి మోకాలు, మడమ, మోచేయి ఉన్నట్టుండి వాచి వేడెక్కితే కీలులోకి రక్తం చేరిందేమో చూడాలి. అక్కడక్కడా నల్లగా కమిలిన మచ్చలు, టీకా వేసిన చోట గడ్డ, పాలపళ్లు ఊడినప్పుడు ఆగని రక్తం కూడా గుర్తులే. దిష్టి తీయించడం, కట్టు కట్టించడం, నూనె పెట్టి మర్దన చేయడంతో కాలం గడిపితే కీలు శాశ్వతంగా బిగుసుకుపోతుంది.

చెవులు కుట్టించాలన్నా, సున్తీ చేయించాలన్నా, పన్ను పీకించాలన్నా ఇంట్లో ఎవరికైనా రక్తం ఆగని జబ్బు ఉందేమో ముందే డాక్టరుకు చెప్పండి. ఏపీటీటీ అనే రక్తపరీక్షతో అనుమానం బలపడుతుంది. ఫ్యాక్టర్ పరీక్షతో రకం, తీవ్రత తేలుతాయి.

అలెక్సీకి దొరకనిది మనకు ఉంది

ఆ పిల్లవాడికి రాజ్యం ఉంది కానీ మందు లేదు. నేడు లోపించిన ఫ్యాక్టర్‌ను నరం ద్వారా ఎక్కించవచ్చు. ప్రభుత్వ రంగంలో వీటిని ఉచితంగా ఇస్తున్నారు. మీకు దగ్గర్లో ఏ ఆసుపత్రిలో ఉంటాయో అవసరం రాకముందే కనుక్కోండి. రాత్రివేళ కళ్యాణదుర్గం నుంచో, మడకశిర నుంచో బిడ్డను ఎత్తుకుని బయల్దేరాక వెతకడం మొదలుపెడితే విలువైన గంటలు పోతాయి. రక్తస్రావం జరగకముందే క్రమంగా ఫ్యాక్టర్ ఇచ్చే పద్ధతితో కీళ్లు బాగుంటాయి. హిమోఫిలియా-ఎ ఉన్నవారికి చర్మం కింద ఇచ్చే ఎమిసిజుమాబ్ ఇంజెక్షన్ కూడా ఉంది. జన్యు చికిత్సపైనా ఆశ పెరిగింది. వేలూరు సీఎంసీ వైద్యులు తీవ్రమైన హిమోఫిలియా-ఎ ఉన్న ఐదుగురికి జన్యు చికిత్స చేసి, పరిశీలించిన కాలంలో రక్తస్రావాలు ఆగాయని 2024 డిసెంబరులో వెల్లడించారు. ఇది ఇంకా పరిశోధన దశలోనే ఉంది.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో హిమోఫిలియాకూ చోటుంది. ధ్రువపత్రానికి దరఖాస్తు చేసుకోవచ్చు.

పెళ్లి సంబంధాలు తప్పిపోతాయని జబ్బును దాచే కుటుంబాలే ఎక్కువ. బడిలో చెప్పరు, బంధువులకు చెప్పరు. ఆడపిల్లకు పరీక్ష కూడా చేయించరు. క్యారియర్ అయిన అమ్మాయికి నెలసరిలో, కాన్పులో ఎక్కువ రక్తం పోవచ్చు. ముందే తెలిస్తే కాన్పు ఎక్కడ, ఎలా అన్నది డాక్టర్లు సిద్ధం చేసుకోగలరు, పుట్టే బిడ్డనూ కాపాడుకోవచ్చు. కాబట్టి అక్కచెల్లెళ్లకు, పిన్నమ్మ పిల్లలకు కూడా ఈ విషయం చెప్పండి.

ఇవి గుర్తుంచుకోండి

* తలకు దెబ్బ తగిలితే పైకి గాయం లేకపోయినా అత్యవసరమే. స్కానింగ్ కోసం ఆగకుండా ముందు ఫ్యాక్టర్ ఇవ్వాలి.
* కీలు వాస్తే కదపకండి. గుడ్డలో చుట్టిన ఐస్ పెట్టి, కాలిని ఎత్తులో ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్లండి.
* ఆస్పిరిన్, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వద్దు. నొప్పికి, జ్వరానికి డాక్టరు చెప్పిన మోతాదులో పారాసెటమాల్ వాడవచ్చు.
* కండకు ఇంజెక్షన్ వేయించకండి. టీకాలు మానొద్దు, వాటిని ఎలా వేయించాలో డాక్టరును అడగండి.
* జబ్బు రకం, బ్లడ్ గ్రూపు, ఫోన్ నంబరు రాసిన కార్డు పిల్లవాడి దగ్గర ఎప్పుడూ ఉండాలి. చదువుకో, ఉద్యోగానికో బెంగళూరు వెళ్లినా సరే.
* బడిలో క్లాస్ టీచరుకు, ఆటల టీచరుకు తప్పక చెప్పండి. ఈత, నడక మంచివి. కబడ్డీ వద్దు.