ఒంటరి రాజు కోటలో రెండు రోజులు

కోట అనగానే మన విద్యార్థుల మనసులో మెదిలేవి గోలకొండ, కొండపల్లి, చంద్రగిరి. శత్రువును నిలువరించే బురుజులు, ముట్టడి రోజులకై నింపిన గాదెలు కోటకు లక్షణాలని మనం చదువుకొన్నాము. జర్మనీ దేశంలో, బవేరియా ప్రాంతాన, ఆల్ప్స్ పర్వతాల అంచున ఒక కోట ఉన్నది. దానికి బురుజులున్నవి గాని, ఏ శత్రువునూ ఉద్దేశించి కట్టినవి కావు. సింహాసన మందిరం ఉన్నది గాని, సింహాసనం లేదు. గాయకుల కొరకు తీర్చిన మహామందిరం ఉన్నది గాని, కట్టించిన రాజు బ్రతికి ఉండగా అందులో ఒక్క కచేరీ అయినా జరగలేదు. ఆ కోట పేరు నోయిష్వాన్‌స్టైన్. ‘కొత్త హంసశిల’ అని అర్థం. ఆ పేరును సైతం రాజు ఎరుగడు. అది అతని మరణానంతరం పెట్టినది.

మ్యూనిచ్ నగరంలో ఉద్యోగాలు చేసుకొనేవారికి, చదువుకొనేవారికి శని ఆదివారాలలో ఇది ప్రియమైన విహారం. ఒకరి పుట్టినరోజు కావచ్చు, పరీక్ష నెగ్గిన సంతోషం కావచ్చు, ఏళ్ళ తరువాత కలుసుకొన్న సహపాఠుల వేడుక కావచ్చు. నలుగురు మిత్రులు కూడి శనివారం ఉదయం రైలెక్కుతారు. సుమారు రెండు గంటలకు ఫ్యుస్సెన్ అనే చిన్న పట్టణం వస్తుంది. అక్కడ బస్సెక్కితే కొండ అడుగున ఉన్న హోహెన్‌ష్వాంగౌ గ్రామంలో దింపుతుంది. పైకి గుర్రపుబండిలో పోవచ్చు. నడిచినా అరగంటకు కొంచెం మించదు. కోట వెనుక ప్యోలాత్ లోయపై ఇనుప వంతెన ఒకటి కలదు. రాజమాత మారీ పేరు దానికి పెట్టినారు. ఆ వంతెన నడుమ నిలిచి చూస్తే తొంబది మీటర్ల లోతున జలపాతం, ఎదుట తెల్లని గోడలు, సన్నని గోపురాలు, వాటి వెనుక సరస్సులు, మైదానాలు. మాటలాడుతూ వచ్చిన మిత్రులు అక్కడ కాసేపు మాట మరచిపోతారు.

ఆ కోటను కట్టించినవాడు బవేరియా రాజు రెండవ లుడ్విగ్. 1845లో పుట్టి, 1864లో పదునెనిమిదేళ్ళ వయసున సింహాసనమెక్కినాడు. పదునైదేళ్ళ ప్రాయంలో చూచిన ‘లోహెన్‌గ్రిన్’ సంగీతనాటకం అతని జీవితాన్ని పట్టివేసినది. హంస లాగే పడవలో వచ్చిన వీరుని కథ అది. దాని కర్త రిచర్డ్ వాగ్నర్ అప్పుల బాధతో తిరుగుతూ ఉండగా, రాజైన కొద్ది వారాలకే లుడ్విగ్ అతనిని పిలిపించి ఆదరించినాడు. 1868లో ఆ వాగ్నర్‌కే ఉత్తరం వ్రాసి, పాత కోటల శిథిలాల చోట ప్రాచీన వీరుల దుర్గాల తీరున కొత్త కోట కట్టదలచినానని తెలిపినాడు. అందులో అతిథులకు అందమైన గదులుంటవనీ, ఆ గదులలో ఎవరిని నిలుపుకోవాలని తన ఆశయో వేరే చెప్పనక్కర లేదనీ సూచించినాడు.

1869 సెప్టెంబరు 5న శంకుస్థాపన జరిగినది. మొదటి చిత్తరువులు గీసినవాడు వాస్తుశిల్పి కాడు. నాటకశాలకు తెరలు చిత్రించే క్రిస్టియన్ యాంక్. కోట నేటికీ రంగస్థలంవలె కనిపించడానికి కారణం అదే. కాని ఆ పాత వేషం వెనుక ఉన్నది కొత్త యుగం. ఇటుక గోడలకు సున్నపురాయి పలకల తొడుగు. సింహాసన మందిరానికి ఇనుప దూలాల ఆధారం. గదులకు వెచ్చని గాలి, కుళాయిలలో నీరు, పనివారిని పిలవడానికి విద్యుత్తు గంటలు. కొండపై పనిచేసే కార్మికులకు జబ్బు చేసినా, గాయాలైనా ఆదుకొనడానికి 1870లోనే ఒక సహాయసంఘం ఏర్పడినది. రాజు దానికి ధనమిచ్చినాడు. దుబారా రాజు అని అతనిని నిందించేవారు ఈ సంగతిని కూడా లెక్కలో వేయవలెను.

లోపల అలంకారానికి అంతు లేదు. రాజు పడకగదిలో కొయ్యచెక్కడపు పనికే పదునలుగురు శిల్పులు నాలుగేళ్ళకు పైగా శ్రమించినారని చెబుతారు. సింహాసన మందిరపు నేలపై చిన్న చిన్న రాళ్ళు పొదిగి మొక్కలను, జంతువులను చిత్రించినారు. పైన బైజాంటియన్ కిరీటం ఆకారాన దీపవృక్షం వ్రేలాడుతుంది. గాయకుల మందిరపు గోడలపై పార్సిఫాల్ గాథ. కాని ఎవరికై ఆ అతిథిగృహం తలపోసినాడో ఆ వాగ్నర్ ఎన్నడూ రాలేదు. 1883లో వెనిస్ నగరంలో మరణించినాడు. మరుసటి ఏడు రాజు కోటలో కాపురం పెట్టినాడు. అక్కడ అతడు గడపినది మొత్తం 172 రోజులు మాత్రమే. ఆ మందిరంలో సంగీతం వినిపించడానికి వాగ్నర్ మరణించిన ఏబదియవ సంవత్సరం, 1933 రావలసివచ్చినది.

అప్పులు పెరిగినవి. మంత్రులు విసిగి, మానసికవైద్యుల చేత రాజు పాలనకు అనర్హుడని వ్రాయించినారు. వారికి పెద్ద అయిన డాక్టర్ గుడ్డెన్, రాజును సరిగా పరీక్షింపకయే ఆ తీర్పు చెప్పినాడు. 1886 జూన్ 12న రాజును కోటనుండి తీసుకొనిపోయినారు. మరునాటి సాయంకాలం స్టార్న్‌బెర్గ్ సరస్సు ఒడ్డున రాజు, వైద్యుడు షికారు వెళ్ళి తిరిగి రాలేదు. ఇద్దరి శవాలు నీటిలో దొరికినవి. ఆ మరణం ఎట్లు సంభవించినదో నేటికీ తేలలేదు.

ఏడు వారాలైనా తిరుగకముందే, ఆగస్టు 1న, కోట తలుపులు జనానికి తెరచినారు. పరుల కంటపడకుండ బ్రతకాలని ఆ రాజు కట్టుకొన్న ఇంటిని నేడు ఏటా పది లక్షలకు మించిన జనం చూస్తున్నారు. రెండవ ప్రపంచయుద్ధకాలంలో నాజీలు ఫ్రాన్సులో దోచిన కళాఖండాలను అక్కడ దాచినారు. 1955లో కాలిఫోర్నియాలో తెరచిన డిస్నీలాండ్‌లోని కోటకు స్ఫూర్తి ఇదే. 2025లో యునెస్కో లుడ్విగ్ కట్టించిన నాలుగు భవనాలను ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినది.

ఆ నాలుగింటిలో లిండర్‌హోఫ్ ఒకటి. మిత్రులు ఆదివారం అక్కడికి పోవచ్చును. మోటారులో సుమారు గంట. అద్దాలు, బంగారు పూత, పింగాణీ పూవులు కన్ను చెదరగొట్టినా, చూపరుల మనసులో నిలిచేది భోజనశాలలోని బల్ల. యంత్రంతో దానిని క్రింది వంటశాలలోకి దించి, వంటకాలన్నీ అమర్చి, మరల నేలగుండా పైకి ఎత్తేవారు. వడ్డించేవారి ముఖమైనా చూడకుండ రాజు ఒంటరిగా భుజించేవాడు. గతించిన ఫ్రెంచి రాజులు, రాణులు ఎదుట కూర్చున్నట్లు తలచి వారితో మాటలాడేవాడని కూడా చెప్పుకొంటారు.

సాయంకాలం ఊరి భోజనశాలలో ఆ మిత్రులు ఒక బల్ల చుట్టూ చేరుతారు. బల్ల పాత కొయ్యది. దానికి బంగారు పూత లేదు. వేడుక ఎవరిదో వారికి అందరూ శుభాకాంక్షలు చెబుతారు. ఒకరు పాట ఎత్తుకొంటే తక్కినవారు గొంతు కలుపుతారు. ఒకరి పళ్ళెంలోనిది మరొకరు రుచి చూస్తారు. మరొక మిత్రుడు వస్తాడేమోనని ఒక కుర్చీ ఖాళీగా ఉంచుతారు. కాస్త ఆలస్యమైనా అతడు వస్తాడు. పదునేడేళ్ళు కట్టించిన కోటలో లుడ్విగ్ రాజుకు దొరకనిది అదే.