నమూనా రాకెట్టు: నిర్మాణం, మార్పులు

దీపావళి రాత్రి తారాజువ్వను సీసాలో నిలిపి వెలిగించని తెలుగు వీధి అరుదు. అది రివ్వున పైకి పోతుంటే చూచి ఆనందించడమే గాని, దాని వెనుక ఆ పొడవాటి పుల్ల ఎందుకని అడిగేవారు తక్కువ. తొందరపడి ఎవరైనా కుర్రవాడు పుల్ల విరిగిన జువ్వను అంటించిననాడు ఆ ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది. మందు అదే, మంట అదే. కాని జువ్వ ఆకాశానికి పోదు. మెలికలు తిరిగి, ఏ అరుగు మీద కూర్చున్నవారి మీదికో, ఏ గడ్డివాములోనికో దూసుకొని పోతుంది. బలం వేరు, దిశ వేరు. బలం ఉన్నంత మాత్రాన దిశ ఏర్పడదు. నమూనా రాకెట్ల విద్య యావత్తూ ఈ చిన్న సత్యం మీదనే ఆధారపడి ఉన్నది.

నమూనా రాకెట్టు అనగా కాగితపు గొట్టం, తేలిక కర్ర, ప్లాస్టిక్కు వంటి వస్తువులతో ఇంటివద్దనే కట్టుకొనే చిన్న రాకెట్టు. దీనికి కర్మాగారంలో తయారైన చిన్న ఇంజనును అమర్చుతారు. అది నూరు మీటర్లో, రెండు వందల మీటర్లో పైకి పోయి, పారాచ్యూట్ విప్పుకొని మెల్లగా దిగివస్తుంది. ఇంజను మార్చి దానినే మరల ఎగురవేయవచ్చును. ఈ వినోదం అమెరికాలో పుట్టినది. ఇది ఎట్లు పుట్టినదో తెలిసికొంటే, ఇందులో దేనిని మార్చవచ్చునో, దేనిని ముట్టరాదో కూడా తెలుస్తుంది.

నెబ్రాస్కా రాష్ట్రంలోని నార్ఫోక్ అనే ఊరిలో ఆర్విల్ కార్లైల్ అనే ఆయన చెప్పుల దుకాణం నడిపేవాడు. బాణసంచా తయారీ ఆయనకు అభిమాన విద్య. ఆయన సోదరుడు రాబర్టుకు నమూనా విమానాలపై మక్కువ. ఈ ఇద్దరి అభిరుచులూ కలిసి 1954లో ఒక చిన్న కాగితపు రాకెట్టు రూపొందినది. పైకి పోయిన తరువాత పారాచ్యూట్‌తో దిగిరావడం, మందు నింపిన గుళికను తీసి మరొకటి పెట్టుకొనగలగడం దాని విశేషాలు. 1957లో కార్లైల్ ఒక పత్రికలో హ్యారీ స్టైన్ వ్రాసిన వ్యాసాన్ని చదివినాడు. స్టైన్ న్యూ మెక్సికోలోని వైట్ శాండ్స్ క్షిపణి క్షేత్రంలో పనిచేసినవాడు. రాకెట్లు తయారుచేయబోయి గాయపడుతున్న బాలురను గురించి ఆందోళన చెందినవాడు. కార్లైల్ తన రాకెట్టు సంగతి ఆయనకు ఉత్తరం వ్రాసి, కొన్ని నమూనాలను కూడా పంపినాడు.

ఆ సంవత్సరమే అక్టోబరు 4న సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ప్రయోగించినది. అమెరికాలోని పల్లె పల్లెకూ రాకెట్ల మోజు ప్రాకినది. ఇనుప గొట్టాలలో చేతికి దొరికిన రసాయనాలను కూరి నిప్పంటించే కుర్రవాళ్లు బయలుదేరినారు. వాటిలో కొన్ని పైకి పోయినవి, కొన్ని చేతిలోనే పేలినవి. వ్రేళ్లు పోయినవారు, కళ్లు పోయినవారు, ప్రాణాలే పోయినవారు కూడా ఉన్నారు. ఆ బాలురలో తెలివి లోపించలేదు, ఉత్సాహం లోపించలేదు. వారు చేయకూడని పనిని చేయదగిన పనితో కలిపి చేసినారు, అంతే.

ఈ చిక్కుకు స్టైన్, కార్లైల్ చూపిన పరిష్కారం మిక్కిలి సులభమైనది: పనిని రెండుగా విభజించడం. మందుతో కూడిన ఇంజను కర్మాగారంలో, తెలిసినవారి చేతిలో తయారుకావలెను. తక్కిన రాకెట్టంతా బాలుడు తన చేతితో కట్టుకొనవలెను. కొలరాడో రాష్ట్రంలో వెర్న్ ఎస్టెస్ అనే ఆయన ఇంజనులను వేగంగా తయారుచేసే యంత్రాన్ని నిర్మించి, దానికి ‘మేబెల్’ అని ముద్దుపేరు పెట్టినాడు. అప్పటినుండి ఈ ఇంజనులు దుకాణంలో దొరికే సరకైనవి. ఆ విభజనయే నేటికీ ఈ వినోదానికి పునాది. ఇంజనును విప్పడం, మందు తీయడం, చేర్చడం పూర్తిగా నిషిద్ధం. తక్కిన ప్రతి భాగాన్నీ మార్చవచ్చును.

ఇంజను లోపల ఏమున్నదో మాత్రం తెలిసికొనవలెను. సామాన్యమైన ఇంజను 18 మిల్లీమీటర్ల వ్యాసం, 70 మిల్లీమీటర్ల పొడవు గల దళసరి కాగితపు గొట్టం. అడుగున బంకమట్టితో చేసిన సన్నని రంధ్రం ఉంటుంది. దానిపైన త్రోపు నిచ్చే మందు, దానిపైన మెల్లగా కాలుతూ పొగ విడిచే ఆలస్యపు మందు, అన్నిటికంటె పైన పారాచ్యూట్‌ను బయటికి నెట్టే చిటికెడు మందు ఉంటాయి. ఇంజను మీద బి6-4 వంటి గుర్తు అచ్చువేసి ఉంటుంది. ఇందులో అక్షరం మొత్తం శక్తిని తెలుపుతుంది. ‘ఎ’ అనగా 2.5 న్యూటన్ సెకండ్ల వరకు, ‘బి’ అనగా 5 వరకు, ‘సి’ అనగా 10 వరకు. అనగా ప్రతి అక్షరానికీ పరిమితి రెట్టింపవుతుంది. తరువాతి అంకె సగటు త్రోపు: 6 న్యూటన్లు, అనగా ఇంచుమించు 600 గ్రాముల బరువును నిలుపగల బలం. చివరి అంకె, మందు కాలిపోయిన తరువాత పారాచ్యూట్ విచ్చుకొనేవరకు గడిచే సెకండ్లు. బి6-4 ఇంజను ఒక సెకండు కూడా మండదు. తరువాతి 4 సెకండ్లు రాకెట్టు తన వేగంతోనే పైకి పోయి, శిఖరాన్ని చేరే వేళకు పారాచ్యూట్ విప్పుకొంటుంది.

ఇక రాకెట్టు శరీరం. సన్నని కాగితపు గొట్టం, దానికి ముందు గుండ్రని ముక్కు, వెనుక మూడో నాలుగో రెక్కలు. రెక్కలకు బాల్సా అనే తేలిక కర్రను వాడుతారు. రెక్క కోసేటప్పుడు కర్ర నార ఏ దిశగా పోతున్నదో చూడవలెను. నార రెక్క ముందంచుకు సమాంతరంగా ఉండవలెను. అట్లు కాక గొట్టానికి సమాంతరంగా ఉంటే, గాలి దెబ్బకో, నేల తాకిడికో రెక్క విరిగిపోతుంది. ముందంచును గరుకు కాగితంతో గుండ్రంగా, వెనుకంచును పలుచగా నునుపు చేస్తే గాలి అడ్డు తగ్గుతుంది. గొట్టం చుట్టూ కాగితం చుట్టి, ఆ కాగితాన్ని మూడు సమభాగాలుగా గుర్తించి, ఆ గుర్తుల వద్ద రెక్కలను నిటారుగా అంటించవలెను. ఒక రెక్క కొంచెం వంకరపోయినా రాకెట్టు బొంగరంవలె తిరుగుతూ, ఎత్తును కోల్పోతుంది.

ఇప్పుడు తారాజువ్వ పుల్ల సంగతికి వద్దాము. ప్రతి రాకెట్టులోనూ రెండు బిందువులు ఉన్నాయి. వ్రేలిపై నిలిపితే ఇటూ అటూ ఒరగక నిలిచే చోటు గురుత్వ కేంద్రం. ప్రక్కనుండి తగిలే గాలి ఒత్తిడి యావత్తూ కూడి పనిచేసే చోటు పీడన కేంద్రం. ఎగురుతున్న రాకెట్టు ఏ కారణం చేతనైనా కొంచెం ఒరిగితే, అది గురుత్వ కేంద్రం చుట్టూ తిరుగుతుంది. పీడన కేంద్రం దానికి వెనుక ఉంటే, గాలి తోకను త్రోసి ముక్కును మరల దారిలోనికి తెస్తుంది. ముందు ఉంటే, గాలి ఆ ఒరుగును ఇంకా పెంచుతుంది. రాకెట్టు పల్టీలు కొడుతుంది. బాణానికి ఈకలు కట్టడంలోనూ, జువ్వకు పుల్ల కట్టడంలోనూ ఉన్న రహస్యం ఇదే. రెండు కేంద్రాల నడుమ కనీసం గొట్టం వ్యాసమంత దూరం ఉండవలెనని నియమం.

పీడన కేంద్రాన్ని కనుగొనడానికి ఇంట్లో చేయదగిన ఉపాయం ఒకటి ఉన్నది. రాకెట్టు ప్రక్కరూపాన్ని అట్టపై గీసి, కత్తిరించి, ఆ అట్టను స్కేలు అంచుపై నిలిపితే, అది ఒరగక నిలిచిన చోటు ఇంచుమించుగా పీడన కేంద్రం. ఇది స్థూలమైన లెక్క, కాని భద్రత వైపే మొగ్గుతుంది. 1966లో జేమ్స్ బారోమన్ అనే ఇంజనీరు ఇంకను సరియైన సూత్రాలను నమూనా రాకెట్ల వారికి అందించినాడు. నేటి కంప్యూటరు లెక్కలలోనూ ఆయన సూత్రాలనే వాడుతున్నారు. ఇంకొక పరీక్ష కూడా చేయవచ్చును. ఇంజను అమర్చిన రాకెట్టుకు గురుత్వ కేంద్రం వద్ద పొడవాటి త్రాడు కట్టి, బయలులో తల చుట్టూ త్రిప్పవలెను. ముక్కు ముందుగా పోతే రాకెట్టు నమ్మదగినది.

మార్పులు చేసేవారికి ఈ లెక్క ఎట్లు ఉపయోగిస్తుందో ఒక ఉదాహరణలో చూడవచ్చును. 25 మిల్లీమీటర్ల గొట్టంతో 40 సెంటీమీటర్ల రాకెట్టును కట్టినామనుకొందాము. ఇంజనుతో సహా 80 గ్రాములు. గురుత్వ కేంద్రం ముక్కు కొననుండి 24 సెంటీమీటర్లు, పీడన కేంద్రం 26 సెంటీమీటర్లు. నడుమ దూరం 2 సెంటీమీటర్లే. కావలసినది రెండున్నర. దీనిని అట్లే ఎగురవేయరాదు. ముక్కులో, కొనకు 3 సెంటీమీటర్ల దూరంలో, 5 గ్రాముల మైనపు మట్టిని కూర్చితే గురుత్వ కేంద్రం దాదాపు 22.8 సెంటీమీటర్ల వద్దకు జరుగుతుంది. నడుమ దూరం 3.2 అవుతుంది. ఐదు గ్రాముల మట్టితో చెడ్డ రాకెట్టు మంచి రాకెట్టయినది.

ఎక్కువమంది పొరపాటు పడేది పెద్ద ఇంజను విషయంలో. బాగా ఎగిరిన రాకెట్టుకు ఇంకా పెద్ద ఇంజను పెడితే ఇంకా బాగా ఎగురుతుందని తలుస్తారు. పెద్ద ఇంజను బరువైనది, అది ఉండేది తోకలో. దానితో గురుత్వ కేంద్రం వెనుకకు జరిగి, నిన్న నిటారుగా పోయినదే నేడు పల్టీ కొట్టవచ్చును. కనుక ఏ మార్పు చేసినా రెండు కేంద్రాలను మరల కొలువవలెను. గొట్టాన్ని పొడిగించవచ్చును, రెక్కలను పెంచవచ్చును, ముక్కుకు బరువు చేర్చవచ్చును. అయితే దేనికైనా మితం ఉండవలెను. రెక్కలు మరీ పెద్దవైతే రాకెట్టు గాలికోడివలె గాలి వీచే వైపునకు తిరిగి, ఏటవాలుగా పోతుంది. మొత్తం బరువుకు సగటు త్రోపు ఐదు రెట్లైనా ఉండవలెనన్నది అనుభవజ్ఞుల మాట.

ప్రయోగ సమయంలో దాదాపు 90 సెంటీమీటర్ల ఉక్కు కడ్డీ రాకెట్టుకు దారి చూపుతుంది. వేగం పుంజుకొనే వరకు రెక్కలు పనిచేయవు గనుక ఈ కడ్డీ అవసరం. కడ్డీ కొన కంటికి తగులకుండ దానికి తొడుగు వేయవలెను. అగ్గిపుల్లతో అంటించరాదు. విద్యుత్తీగతో, చిన్న ఇంజనులకు 5 మీటర్ల దూరంనుండి, పెద్దవాటికి 9 మీటర్లకు పైగా దూరంనుండి అంటించవలెను. మీట నొక్కినా వెలుగకపోతే బ్యాటరీ తొలగించి, ఒక నిముషమైనా ఆగి దగ్గరకు పోవలెను. చెట్లు, ఎండుగడ్డి, విద్యుత్ తీగలు లేని విశాలమైన మైదానం కావలెను. గొట్టంలో పారాచ్యూట్‌కు ముందు నిప్పంటని కాగితపు ఉండలను కూర్చడం మరువరాదు. మరచితే వేడికి పారాచ్యూట్ కరగి ముద్దయిపోతుంది. 30 సెంటీమీటర్ల పారాచ్యూట్ చిన్న రాకెట్టుకు చాలును. గాలి హెచ్చుగా ఉన్న దినాన దాని నడుమ గుండ్రని రంధ్రం చేస్తే రాకెట్టు దూరం కొట్టుకొని పోదు.

ఎంత ఎత్తు పోయినదో కొలువడం మరొక వినోదం. ప్రయోగ స్థలానికి 100 మీటర్ల దూరాన నిలిచి, కోణమానికి దారంతో చిన్న బరువు వ్రేలాడగట్టి, శిఖరాన ఉన్న రాకెట్టు వైపు గురి చూడవలెను. కోణం 45 డిగ్రీలైతే ఎత్తు 100 మీటర్లు. 60 డిగ్రీలైతే 173 మీటర్లు. బడిలో నీరసంగా నేర్చిన త్రికోణమితికి అక్కడ ప్రాణం వస్తుంది.

మన దేశంలో ప్రేలుడు పదార్థాలను లైసెన్సు లేకుండా తయారుచేయడం చట్టరీత్యా నేరం. బాణసంచాను విప్పి మందు ప్రోగుచేసే పిల్లలను పెద్దలు తప్పక వారింపవలెను. ఇంజను దొరకనివారికి నీటి రాకెట్టు ఉన్నది. సోడా పానీయాల ప్లాస్టిక్కు సీసాలో మూడవవంతు నీరు పోసి, బిరడా గుండా సైకిలు పంపుతో గాలి ఎక్కిస్తే, నీరు వెనుకకు చిమ్మి సీసా పైకి పోతుంది. దీనికి గాజు సీసాలు, లోహపు డబ్బాలు వాడరాదు. పెద్దలు దగ్గర ఉండవలెను. గాలి ఎక్కుతున్న సీసాపైకి ఎవరూ వంగరాదు. రెక్కలు, ముక్కు బరువు, రెండు కేంద్రాల లెక్క దీనికీ సమానమే.

1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుండి మన తొలి ఉపగ్రహ వాహనం ఎస్.ఎల్.వి.-3 ఎగిరినది. రెండవ అంతస్తులో దిశను అదుపుచేసే ఏర్పాటు ఒక కవాటపు లోపం వలన పనిచేయక, అది బంగాళాఖాతంలో పడిపోయినది. బలానికి లోటు లేదు. దిశ తప్పినది. లోపాన్ని సరిదిద్దిన తరువాత, 1980 జూలై 18న అదే రకపు వాహనం రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపినది. పెరటిలో కూర్చొని కాగితపు గొట్టానికి రెక్కలు అంటించి, వ్రేలిపై నిలిపి చూచుకొనే బాలుడు కూడా నేర్చుకొనేది ఆ పాఠమే. ఆ ఓపిక అలవడిన చేయి ఇనుప గొట్టంలో మందు కూరడానికి పోదు.