ఆవిరియగు రూపాయలు: కాఫీ హోటళ్ళ ఇంధనముపై అపోహలు – వాస్తవములు

కరీంనగరము బస్టాండు మొదలుకొని ఆదిలాబాదు వరకు గల దారి పొడుగునను, తెల్లవారుజామున నాలుగు గంటలకే పొయ్యి ముట్టించి, గనిలో పొద్దటి షిఫ్టునకు పోవు కార్మికునకును, మార్కెట్టుకు పత్తి తెచ్చిన రైతునకును వేడివేడి కాఫీయో చాయయో అందించు చిన్న హోటళ్ళవారిని పలుకరించినచో, "కరెంటు బిల్లు మస్తుగ అచ్చింది సార్, గ్యాసు బండ ధర పెరిగింది, ఇగ ఏం మిగుల్తది?" అను మాట తప్పక వినవచ్చును. ఆ బాధ ముమ్మాటికి సత్యము. కాని ఆ బాధకు హేతువులుగా లోకము చెప్పుకొను వానిలో పెక్కు సత్యములు కావు. రోగనిదానము తప్పినచోట ఔషధమును తప్పును గావున, ఆ పొరపాట్లను ఒక్కొక్కటిగ విచారింపవలసియున్నది.

మన ప్రాంతమునందు మిక్కిలి ప్రబలమైన భ్రమ యొకటి కలదు: "బొగ్గు మనది, గోదావరి నీళ్ళు మనవి, రామగుండము మన పక్కనే, కనుక మనకు కరెంటు చౌకగా రావలె." ఈ మాటలో న్యాయమైన ఆవేదన యున్నదని నేను ఒప్పుకొందును, పొగయు బూడిదయు భరించువారు వెలుగునందు రాయితీ కోరుట సహజమే. కాని వ్యవస్థ అట్లు నడచుట లేదు. సింగరేణి బొగ్గుతో 1983లో తొలి యూనిట్టు వెలిగించిన రామగుండము ఎన్టీపీసీ కేంద్రము నేడు 2,600 మెగావాట్ల సామర్థ్యము గలదై, దక్షిణాది రాష్ట్రములన్నిటికిని వాటాల ప్రకారము విద్యుత్తు నిచ్చుచున్నది. దాని సమీపముననే నిర్మింపబడిన రెండు 800 మెగావాట్ల కొత్త యూనిట్లలో, 2024 మార్చి 4వ తేదీన ఆదిలాబాదు సభలో ప్రధాని జాతికి అంకితము చేసినది రెండవది. వాని ఉత్పత్తిలో నూటికి 85 పాళ్ళు తెలంగాణమునకే చెందును. మంచిర్యాల జిల్లా జైపూరులో సింగరేణి సంస్థ సొంతముగ 1,200 మెగావాట్ల కేంద్రమును నడుపుచున్నది. అయినను కాఫీ హోటలువాని మీటరుపై పడు ధరను నిర్ణయించునది ఇంటికిని గనికిని గల దూరము కాదు, రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి. ఆ ధర హైదరాబాదులో నెంతయో ఉట్నూరులోను అంతయే. 2022 ఏప్రిల్ నెలలో యూనిట్టుకు రూపాయి చొప్పున పెరిగిన పిదప, నెలకు 50 యూనిట్లు దాటి వాడు దుకాణమునకు మొదటి నూరు యూనిట్లకు 8.50, ఆపై మున్నూరు వరకు 9.90, ఐదువందల వరకు 10.40, అంతకు మించిన 11 రూపాయల లెక్క. వాడిన యూనిట్లు గాక, మంజూరైన కిలోవాట్లనుబట్టి పడు స్థిర రుసుము వేరుగా నున్నది. దుకాణము మూసియుంచిన నెలయందును అది తప్పదు. దినమెల్ల కాగుచునే యుండు బాయిలరుతో కూడిన ఎస్ప్రెస్సో యంత్రమును, గిరాకీ పెరుగునను ఆశతో అప్పుచేసి తెచ్చు యువకులు ఈ రుసుమును ముందే లెక్కించుకొనిన ఎంతయో మేలు.

"గ్యాసు చౌక, కరెంటు ఖరీదు" అనునది రెండవ మాట. ఒక కిలో గ్యాసులో సుమారు పదకొండువేల కిలోకాలరీల వేడి యున్నది. 19 కిలోల వాణిజ్యపు బండలో ఉన్న వేడి ఇంచుమించు 240 యూనిట్ల విద్యుత్తునకు సమానము. కాని హోటళ్ళలోని పెద్ద మంట గిన్నె అడుగును దాటి పక్కలకు ఎగయునప్పుడు అందులో సగమైనను పాలకు చేరుట కష్టము. బండ వెల 2,000 రూపాయలని లెక్కకై అనుకొందము. సగము వేడియే అక్కరకు వచ్చినచో, ఉపయోగపడిన యూనిట్టు వేడికి పదునారు రూపాయలు దాటును. ఇండక్షను పొయ్యిలో నూటికి 85 పాళ్ళు గిన్నెకు చేరునని లెక్కించినచో, 9.90 ధరలో అది పన్నెండు రూపాయలకు లోపలనే నిలుచును, 11 రూపాయల శ్లాబులో పదమూడు వరకు వచ్చును. అనగా ఈ ధరలలో గ్యాసు తప్పక చౌక అని గాని, కరెంటు తప్పక ప్రియమని గాని చెప్ప వీలులేదు. గిన్నె పరిమాణమును, మంట తీరును, నెలసరి యూనిట్ల మొత్తమును చూచి ఎవరి లెక్క వారు వేసికొనవలసినదే.

ఇక నా దృష్టిలో అన్నిటికంటె పెద్దదైన పొరపాటు ధరకు సంబంధించినది కానేకాదు. పాలగిన్నెను ప్రొద్దున పొయ్యిమీద నెక్కించి, మంటను సన్నముగ నుంచి, రాత్రి వరకు దించకుండుటయే పొదుపనియు, మాటిమాటికి వెలిగించి ఆర్పుట దుబారాయనియు హోటళ్ళలో తరతరముల నమ్మకము. సన్నని మంటకు గ్యాసేమి పట్టునని వారందురు. భౌతికశాస్త్రము ఇందుకు సరిగా విరుద్ధముగ పలుకుచున్నది. లీటరు నీటిని 25 డిగ్రీల నుండి మరుగు స్థితికి తెచ్చుటకు 75 కిలోకాలరీలు చాలును, పాలకును ఇంచుమించు అంతే. కాని మరుగుచున్న ఆ లీటరును ఆవిరిగా మార్చుటకు 540 కిలోకాలరీలు కావలెను. కాచుటకన్న ఇగిర్చుటకు ఏడు రెట్లు వేడి పట్టునన్నమాట! పాలగిన్నెయు, పక్కనున్న వేడినీళ్ళ గిన్నెయు కలిసి గంటకొక లీటరు ఆవిరిని పైకప్పుకు పంపినచో, సగము వేడియే గిన్నెకు చేరు పొయ్యిపై అది గంటకు నూరు గ్రాముల గ్యాసు. పన్నెండు గంటలకు కిలో రెండువందల గ్రాములు. నెలకు రెండు బండలకు రవ్వంత తక్కువ. దినమునకు ముప్పది లీటర్లను ఒక్కసారి చొప్పున కాచుటకు నెలంతయు పట్టు గ్యాసు పన్నెండు పదమూడు కిలోలే! గిరాకీ త్రాగునట్టి కాఫీకి వాడిన ఇంధనము ఒక పాలు, ఎవ్వరును త్రాగని ఆవిరికి వాడినది దాదాపు మూడు పాళ్ళు.

దీనిని కప్పులెక్కలో చూచిన మరియొక సంగతి బయల్పడును. దినమునకు మున్నూరు కప్పులమ్ము హోటలులో, ఆవిరి నష్టముతో సహా కప్పుకు పడు గ్యాసు ఖర్చు అరవై పైసలకు లోపలనే. కేవలము అరువది కప్పులమ్ము పల్లె కొట్టులోనో, అదే తీరున దినమెల్ల పొయ్యి వెలుగుచున్నయెడల, కప్పుకు రెండు రూపాయలు మించును. కావున "గ్యాసు ధర అందరిని సమానముగ కొట్టును" అనుటయు అపోహయే. ధర ఒక్కటే, దెబ్బ మాత్రము గిరాకీ తక్కువైన బీదవానికి నాలుగు రెట్లు. గిన్నెకు మూత పెట్టుట, పాలను కొద్దికొద్దిగా కాచుట, కాచిన నీటిని మంచి ఫ్లాస్కులో నింపుట అను మూడు పనులు పెద్ద హోటలుకంటె ఈ చిన్నవానికే ఎక్కువ ఆదా చేయును. ఈ మాట వానికి చెప్పువారు లేకపోవుట నాకు నిజముగ బాధ గొలుపుచున్నది.

ఇంటి బండను హోటలులో వాడుట తెలివియని తలచువారు ఇంకను కలరు. 14.2 కిలోల గృహవినియోగపు బండను వ్యాపారమునకు వాడుట, 2000 నాటి గ్యాసు సరఫరా నియంత్రణ ఉత్తర్వు ప్రకారము నేరము. పట్టుబడిన బండలు పోవుటయే గాక కేసును నడచును. వెల తేడాకు కారణము కంపెనీల దురాశ మాత్రమే అనుటయు సరి కాదు. ఇంటి బండపై జీఎస్టీ నూటికి 5, వాణిజ్యపు బండపై 18. పైగా 2017 నవంబరు నుండి 5 శాతము పన్ను కట్టు హోటలువారికి, తాము కొన్నవానిపై చెల్లించిన పన్నును తిరిగి సర్దుబాటు చేసికొను హక్కు లేదు. బండపై కట్టిన ఆ పదునెనిమిది శాతము పూర్తిగా కాఫీ ఖర్చులోనే కలియును. పోరాడదలచిన హోటళ్ళ సంఘములు ఇంటిబండలను దాచుటకు బదులు ఈ అంశమును ప్రభుత్వము ముందుంచుట ఉచితము.

ఆదిలాబాదు వైపున "కట్టెలు ఊరికే దొరుకును" అను మాట వినబడును. ఎండిన కట్టెలో కిలోకు నాలుగువేల కిలోకాలరీలు మించి యుండవు. మూడురాళ్ళ పొయ్యిలో పదవ వంతో ఎనిమిదవ వంతో మాత్రమే గిన్నెకు చేరును. కిలో గ్యాసు చేయు పనికి పండ్రెండు కిలోల కట్టె కాల్చవలెను. ఆ పొగ మొదట చేరునది పొయ్యి ఊదు ఇల్లాలి ఊపిరితిత్తులకు. 2012లో పులుల అభయారణ్యముగ ప్రకటింపబడిన కవ్వాల చుట్టుపట్ల అడవి నుండి ఆ కట్టె వచ్చుచున్నదేని, దాని వెలను రూపాయలలో కట్టుట ఎట్లు?

రాత్రివేళ ఫ్రిజ్జు ఆపిన ఆదా యనుట గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. తలుపు తెరువని రాత్రి పూటనే అది తక్కువ కరెంటు తీసికొనును. రామగుండము మే నెల వేడిలో విరిగిపోయిన ఒక్క గిన్నెడు పాలు నెల ఆదాను మింగివేయును.

కాఫీ ధర పెరిగినపుడు గిరాకీదారు కోపించి, "గ్యాసు వంద పెరిగితే కప్పుకు రెండు రూపాయలా?" అని అడుగుట కలదు. అడుగుట న్యాయమే, మున్నూరు కప్పుల హోటలులో బండకు వంద పెరిగిన కప్పుకు మూడు పైసలైనను కాదు. కాని పెరిగినది గ్యాసొకటే కాదు. బ్రెజిల్‌లోను వియత్నాములోను వానలు తప్పినందున, 2025 ఫిబ్రవరిలో న్యూయార్కు విపణిలో అరబికా గింజ పౌనుకు నాలుగు డాలర్లు దాటినది. మన గింజ అధికభాగము కర్ణాటకములోను, కొంత 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకులోను పండినను, దాని ధర ఆ విపణి వెంటనే నడచును. పచ్చిగింజను వేయించునప్పుడు బరువులో ఆరవ వంతో ఐదవ వంతో పోవును. ఇన్‌స్టంట్ పొడి విషయములోనైతే, కషాయము తీసి అందలి నీటినంతయు కర్మాగారములో ఇగిర్చియే పొడి చేయుదురు. ఆ 540 కిలోకాలరీల ఖర్చు ప్యాకెట్టు వెలలోనే దాగియున్నది.

ఇందుకు భిన్నముగ మన పాత ఇత్తడి ఫిల్టరు ఉన్నది. కరీంనగరము హోటళ్ళలో అది అరుదైనదని తెలియును; "ఫిల్టరు కాఫీ ఖర్చుతో కూడినది" అను అపోహయు దానికి కొంత కారణము. ఇంధనపు లెక్కలో అంత పొదుపైన పద్ధతి మరొకటి నాకు కానరాదు. మరిగిన నీటిని ఒక్కసారి పొడిమీద పోసి మూత వేసినచో చాలును. క్రింది గిన్నెలోనికి డికాక్షను చుక్కచుక్కగా దిగుచున్న ఆ పదునైదు ఇరువది నిముషములును పొయ్యి ఆరియే యుండును.