రాతిపువ్వు ఇంటిపేరు

హేమిల్టన్ నగరానికి ఉత్తరాన ఉన్న రోటోటూనాలో ఇళ్ళు చాలావరకు కొత్తవి. ఒక తరం కిందట ఇక్కడ ఉన్నవి పచ్చికబయళ్ళూ, పాడి ఆవులూను. అయితే ఇల్లు ఎంత కొత్తదైనా, నాలుగైదు చలికాలాలు వానలో నానేసరికి కాలిబాట మీద బూడిద కలిసిన ఆకుపచ్చ మచ్చలు, చెక్క కంచె మీద ముడుతలు పడ్డ పొలుసులు, పండ్లచెట్ల కొమ్మల మీద నారింజరంగు కుచ్చులు కనిపించడం మొదలవుతుంది. నిమ్మచెట్టుకి తెగులు పట్టిందని కొమ్మలు నరికేసేవారు మనలో ఉన్నారు. అది తెగులు కాదు. చెట్టు రసాన్ని అది పీల్చదు. కొమ్మ దానికి కూర్చునే పీట మాత్రమే. చెట్టు వేరే కారణంగా నీరసించి ఆకు పలచబడితే లోపలికి వెలుతురు ఎక్కువగా వస్తుంది, అప్పుడు ఇది బాగా పెరుగుతుంది. నింద మాత్రం దీని మీద పడుతుంది.

వీటిని లైకెన్లు అంటారు. తెలుగులో వీటికి పేరు లేదనుకుంటాం గాని, వంటింట్లో ఒకటుంది: రాతిపువ్వు. బిర్యానీ మసాలాలో పడే, ఒకవైపు బూడిదరంగుగానూ మరోవైపు నల్లగానూ ఉండే ఆ ఎండు రేకులే. ఆయుర్వేదంలో శైలేయం, హైదరాబాదులో పత్థర్ కా ఫూల్, తమిళుల దగ్గర కల్పాసి. నిజానికి అది పువ్వూ కాదు, చాలాసార్లు రాతి మీదదీ కాదు. హిమాలయపు వాలుల్లో చెట్ల బెరడు మీద నుంచి ఒలిచి తెచ్చిన సరుకు. పేరులో రెండు పొరపాట్లున్నా మన పెద్దలు దీనికి ఒక పేరంటూ పెట్టారు, సంతోషం. శాస్త్రజ్ఞుల పొరపాట్లు ఇంతకన్న చిన్నవేం కావు.

1753లో లినేయస్ తనకి తెలిసిన లైకెన్లన్నిటినీ ఇంచుమించు ఒకే ప్రజాతిలో కుక్కి, మొక్కల జాబితాలో కూర్చోబెట్టాడు. ఆయన శిష్యుడు ఎరిక్ అకారియస్ ఓపిగ్గా విడదీసి వర్గాలు చేశాడు. 1860ల చివర సైమన్ ష్వెండెనర్ అనే స్విస్ శాస్త్రజ్ఞుడు అసలు గుట్టు బయటపెట్టాడు. లైకెన్ ఒక ప్రాణి కాదు, శిలీంధ్రమూ నాచూ కలిసి చేస్తున్న కాపురం అన్నాడు. శిలీంధ్రం అంటే బూజు, పుట్టగొడుగుల వర్గం. అది ఇల్లు కట్టి తడి ఆరకుండా చూస్తుంది. నాచు ఎండ సాయంతో వంట చేసి పెడుతుంది. ఆనాటి లైకెన్ పండితులు చాలామందికి ఇది మింగుడుపడలేదు. జీవితమంతా పేర్లు పెట్టుకుంటూ వచ్చినవి అసలు మొక్కలే కావంటే ఎవరికి మాత్రం రుచిస్తుంది!

కాపురం ఇద్దరిదీ అయితే పేరు ఎవరిది? అంతర్జాతీయ నామకరణ నియమాల ప్రకారం లైకెన్‌కి పెట్టిన పేరు అందులోని శిలీంధ్రానికే చెందుతుంది. మన ఇంటిపేరు లాంటి ఏర్పాటే: వంట చేసేది ఒకరు, గుమ్మం మీద పేరు మరొకరిది. ఈ పద్ధతిలో లెక్కకట్టి రాబర్ట్ లూకింగ్, ఆయన సహచరులు 2016 నాటి వర్గీకరణలో 19,387 జాతులు, 995 ప్రజాతులు చూపించారు.

ఆ లెక్క నిలిచేది కాదని వాళ్ళకీ తెలుసు. అమెరికా ఖండపు ఉష్ణమండలంలో ఒకే జాతి అనుకుంటూ వచ్చిన ఒక లైకెన్ డి.ఎన్.ఎ.ని పరీక్షిస్తే అందులో 126 జాతులు ఉన్నాయని లూకింగ్ బృందమే 2014లో ప్రకటించింది. అన్నీ తేలితే నాలుగు వందలు దాటవచ్చని అంచనా వేసింది. న్యూజీలండ్ అడవుల్లో దీనికి తలకిందులైన సంగతి కూడా ఉంది. సూడోసైఫెల్లేరియా ప్రజాతిలో ఒకే శిలీంధ్రం ఆకుపచ్చ నాచుతో ఉంటే ఒక రూపు, నీలి-ఆకుపచ్చ బాక్టీరియాతో ఉంటే మరో రూపు దాలుస్తుంది. రెండు రూపులూ ఒకే ఒంటికి అతుక్కుని ఉండడం గురించి రెన్నర్, గాలోవే 1982లో రాశారు. ఈ డేవిడ్ గాలోవే 1985లో ఈ దేశపు లైకెన్ల మీద గ్రంథం రాసి, 2007కి దాన్ని రెండు సంపుటాలుగా పెంచాడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంత విస్తీర్ణమున్న ఈ దేశంలో దాదాపు రెండు వేల రకాల లైకెన్లు ఉన్నాయి.

పేర్ల గొడవ మనకెందుకు అనవచ్చు. తినే వస్తువు విషయంలో అది ప్రాణం మీదకి రావచ్చు. ఉత్తర అమెరికా అడవుల్లో చెట్లకి జుట్టులా వేలాడే లైకెన్లు రెండున్నాయి. గోధుమరంగుదాన్ని అక్కడి ఆదివాసులు తరతరాలుగా వండుకు తిన్నారు. పసుపు ఛాయ ఉన్నదానిలో వల్పినిక్ ఆమ్లం అనే విషం ఉంటుంది. డి.ఎన్.ఎ. చూస్తే శిలీంధ్రమూ ఒకటే, నాచూ ఒకటే. మరి విషం ఎక్కడిది? 2016లో టోబీ స్ప్రిబిల్లే బృందం పైపొరలో మూడో భాగస్వామిని కనిపెట్టింది. అది ఒక ఈస్టు, వేరే జాతి శిలీంధ్రం. విషం ఎక్కువున్న చోట అది కూడా ఎక్కువగా ఉంది. లైకెన్లన్నిటికీ ఇలా మూడో మనిషి ఉన్నాడని అప్పట్లో పత్రికలు రాసేశాయి. 2019లో మూడు వందలకు పైగా జాతులను వెతికిన మరో బృందానికి ఈ ఈస్టు కొద్ది జాతుల్లోనే దొరికింది. కాబట్టి అందరి ఇళ్ళలోనూ లేడు. ఉన్నచోట ఏం చేస్తున్నాడన్నది ఇంకా తేల్చవలసిన విషయం.

రాతిపువ్వు పొట్లం సంగతీ ఇలాంటిదే. అందులో ముఖ్యంగా పార్మోట్రీమా జాతులుంటాయి. వాటితో ఇతర ప్రజాతులు కలిసిపోవడం మామూలే. వాటిలో ఎవర్నియాస్ట్రం అనేదాన్ని 2013లో హైపోట్రాకినాలో కలిపేశారు కనుక పాత పుస్తకంలో ఒక పేరు, కొత్త దాంట్లో ఇంకో పేరు. రేకులను విడదీయడానికి పాత చిట్కా ఒకటుంది. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడి పారాణి అవుతుంది కదా, అలాగే ఈ రేకు పైపొర గీకి, లోపలి తెల్లటి భాగం మీద బ్లీచ్ చుక్క వేస్తే పార్మోట్రీమా టింక్టోరం ఎర్రబడుతుంది, పార్మోట్రీమా పెర్లేటం ఎర్రబడదు. 1866లో ఈ పద్ధతి తెచ్చిన విలియం నైలాండర్ ష్వెండెనర్ మాటను మాత్రం ఒప్పుకోలేదు. చుక్క వేసిన రేకును పారేయాలి సుమా, బిర్యానీలో వేయకూడదు.

మన కాలిబాట మీద పరుచుకునేది క్సాంథోపార్మీలియా స్కేబ్రోసా. చూడడానికి రాతిపువ్వుకి దగ్గర చుట్టంలా ఉంటుంది, కుటుంబం ఒకటే. ఇంటర్నెట్‌లో దీని పొడిని మగతనం పెంచే మందుగా అమ్ముతున్నారని తెలిసి, ఇది విషపదార్థాలున్నది, నోట పెట్టవద్దని 2019లో ఒటాగో లైకెన్ నిపుణురాలు ఆలిసన్ నైట్ హెచ్చరించింది. పైగా రోడ్డు పక్క లైకెన్ వాహనాల పొగలోని లోహాలను పీల్చి దాచుకుంటుంది. వేర్లు లేని జీవి, గాలీ వానా తెచ్చిందే దానికి తిండి. కంచె మీద రేకు ఎంత అచ్చంగా పొట్లంలో దానిలా ఉన్నా గిల్లి వంటలో వేయకండి.

మన వైపు ఈ పని ఆలస్యంగా మొదలయింది. లక్నోలో ధరణీధర్ అవస్థీ భారతదేశపు లైకెన్ల అధ్యయనానికి పునాది వేశాడు. తూర్పు కనుమల సంపద మాత్రం చాలాకాలం ఎవరి కంటా పడలేదు. గత దశాబ్దంన్నరలో కడప యోగి వేమన విశ్వవిద్యాలయం వారు లక్నో సంస్థతో కలిసి ఆంధ్రప్రదేశ్ జాబితాకి కొత్త జాతులను చేరుస్తూ వచ్చారు.

పిల్లలకి ఆసక్తి ఉంటే పదిరెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం చాలు. ఫోటో తీసి ఐనాచురలిస్ట్‌లో పెడితే తెలిసినవారు పేరు చెబుతారు. చాలాసార్లు ప్రజాతి దగ్గరే ఆగిపోతారు, ఎందుకంటే బ్లీచ్ చుక్కకి ఎర్రబడుతుందో లేదో ఫోటోలో కనిపించదు.