సూదుల రోలరా, ముళ్ల సీరమా?

మొటిమలు తగ్గినా వాటి గుంటలు మిగిలిపోయినవాళ్లు ఫోన్‌లో మందు వెతికితే రెండు వస్తువులు పక్కపక్కనే కనిపిస్తున్నాయి. ఒకటి సన్నటి సూదులు గుచ్చిన చిన్న చక్రం, డెర్మారోలర్. రెండోది కొరియా నుంచి వచ్చిన ‘లిక్విడ్ మైక్రోనీడ్లింగ్’ సీరమ్. ఇది సీసాలో మామూలు సీరమ్‌లాగే ఉంటుంది, ముఖానికి రాస్తే మాత్రం చురుక్కుమంటుంది. రెండింటి ప్రకటనల్లోనూ కొల్లాజెన్ అన్న మాట మోగిపోతుంది. రీల్స్ చూసి ఏది కొనాలో తేల్చుకోలేకపోతున్నవాళ్ల కోసం, ఆ రీల్స్ చెప్పే కొన్ని సంగతులను ఇక్కడ విప్పి చూద్దాం.

అపోహ: రెండూ చేసే పని ఒకటే. రోలర్ నొప్పి పెడుతుంది, సీరమ్ పెట్టదు, అంతే తేడా.

అసలు తేడా లోతులో ఉంది. ముఖం మీద చర్మపు పైపొర, అంటే ఎపిడెర్మిస్, మందం సుమారు మిల్లీమీటరులో పదో వంతు. కొల్లాజెన్ ఉండేది దాని కింద ఉన్న డెర్మిస్‌లో. అక్కడ సన్నటి గాయమైతే శరీరం దాన్ని మాన్చుకునే క్రమంలో కొత్త కొల్లాజెన్ అల్లుకుంటుంది. సన్నటి సూదులతో గుచ్చే మైక్రోనీడ్లింగ్ వైద్యమంతా ఈ ఒక్క సూత్రం మీదే నిలబడింది. 1997లో కెనడా ప్లాస్టిక్ సర్జన్ కామిరాండ్, తన సహచరుడితో కలిసి, సిరా లేని పచ్చబొట్టు సూదితో పాత మచ్చలను గుచ్చి చూసిన అనుభవాన్ని ప్రచురించాడు. దక్షిణాఫ్రికాలో డెస్మండ్ ఫెర్నాండెజ్ సూదులను చక్రానికి ఎక్కించి ఈ పద్ధతికి ప్రచారం తెచ్చాడు. వాళ్ల గురి డెర్మిస్.

ఇంట్లో వాడమని అమ్మే రోలర్ల సూదులు ఎక్కువగా 0.2, 0.3 మిల్లీమీటర్లవి. చర్మం సాగుతుంది కాబట్టి అంత పొడవూ లోపలికి దిగదు. సీరమ్ చురుక్కుమనడానికి కారణం అందులో కలిపిన సన్నటి ముళ్లు. అవి ఇంకా పొట్టివి. పైగా వాటిని తోసేది వేళ్లే కాబట్టి, చాలావరకు పైనున్న మృతకణాల పొరలోనే ఆగిపోతాయి. అక్కడ కొల్లాజెన్ లేదు.

అపోహ: సీరమ్‌లోని సూదులు లోపల కరిగిపోతాయి.

కరిగే సూదులు ఉన్నాయి. హైలురోనిక్ యాసిడ్‌తో చేసి, అట్టముక్కలా అంటించుకునే ప్యాచ్‌లలో ఉంటాయి. ఈ సీరమ్‌లలో ఉండేవి అవి కావు. ఇవి స్పాంజ్ అనే నీటి జీవి ఒంట్లోని ముళ్లు, స్పిక్యూల్స్. సిలికాతో తయారై, కంటికి ఆననంత సన్నగా ఉంటాయి. సీసా మీది పదార్థాల జాబితాలో ‘హైడ్రోలైజ్డ్ స్పాంజ్’ అని కనిపిస్తే అవి ఇవే. ఒకటి రెండు రోజులు చర్మంలో ఇరుక్కుని ఉండి, మృతకణాలతో పాటు రాలిపోతాయి. అందుకే సీరమ్ రాసిన మర్నాడు ముఖం కడుక్కుంటున్నా గరగరలాడుతుంది.

ఇది సరికొత్త ఆవిష్కరణేమీ కాదు. రష్యాలో మంచినీటి స్పాంజ్‌ను ఎండబెట్టి పొడి చేసిన ‘బద్యాగా’ను కమిలిన చోట రాయడం పాత అలవాటు. బుగ్గలు ఎర్రబడాలని అక్కడి ఆడవాళ్లు దాన్ని రుద్దుకునేవారు కూడా. కొరియా కంపెనీలు దాన్ని శుద్ధి చేసి, అందమైన సీసాలోకి ఎక్కించాయి.

అపోహ: ఎంత చురచురలాడితే అంత బాగా పనిచేస్తున్నట్టు.

దురదగొండి నూగు తగిలినా చురచురలాడుతుంది. ముల్లు గుచ్చుకుందని నరాలు చెప్పే కబురు అది. పైపొర కాస్త రేగి, మృతకణాలు త్వరగా ఊడటం వల్ల రెండు మూడు రోజుల్లో ముఖం నున్నగా, కాంతిగా కనిపించవచ్చు. వెంట రాసిన సీరమ్ కొంచెం ఎక్కువగా ఇంకవచ్చు. ఈ మేరకు ఫలితం నిజమే. గుంటలు పూడటం వేరే సంగతి. ‘రీడిల్ షాట్’ లాంటి ముళ్ల సీరమ్ సీసాల మీద ఉండే 100, 300, 700 అంకెలు కూడా లోతును చెప్పవు. అంకె పెరిగితే ముళ్ల మోతాదు పెరుగుతుంది, దాంతో పాటు మంటా పెరుగుతుంది.

అపోహ: పొట్టి సూది చాలకపోతే 1.5 మిల్లీమీటర్ల రోలర్ కొని ఇంట్లోనే కానిచ్చేయొచ్చు.

ఇది అన్నిటికన్నా ప్రమాదకరమైన సలహా. రోలర్ సూది నిలువుగా దిగి నిలువుగా రాదు. చక్రం తిరుగుతుంది కాబట్టి ఏటవాలుగా దిగి చర్మాన్ని చీలుస్తూ బయటికి వస్తుంది. చౌక రోలర్లలో సూది మొన వంగితే గీతలు పడతాయి. క్లినిక్‌లో డాక్టర్లు వాడే పెన్ లాంటి పరికరంలోని సూది నిలువుగా పోటు వేస్తుంది, నుదురుకు ఒక లోతు, బుగ్గకు ఒక లోతు మార్చుకునే వీలుంటుంది. అమెరికాలో మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో ఇలాంటి పెన్‌కు తొలిసారి అనుమతి ఇచ్చింది. డాక్టర్ల ప్రమేయం లేకుండా నేరుగా జనానికి అమ్మేందుకు మాత్రం ఏ మైక్రోనీడ్లింగ్ వైద్య పరికరానికీ అనుమతి ఇవ్వలేదని అదే సంస్థ చెబుతోంది.

అపోహ: ముందు రోలర్ తిప్పి, ఆపైన సీరమ్ రాస్తే రెట్టింపు లాభం.

పైపూతకు చేసిన సీరమ్‌లో వాసనలు, నిల్వ ఉంచే పదార్థాలు ఉంటాయి. పైపొర వాటిని ఆపుతుందన్న నమ్మకంతోనే వాటిని కలుపుతారు. ఆ పొరకు చిల్లులు పెట్టి మరీ రాస్తే లోపలికి పోయేవి విటమిన్లు మాత్రమే కావు. మైక్రోనీడ్లింగ్ తరవాత విటమిన్ సి సీరమ్ లాంటి పైపూతలు రాయించుకున్న ముగ్గురు మహిళల ముఖాల మీద గట్టి ఎర్రటి గడ్డలు లేచిన ఉదంతం 2014లో జామా డెర్మటాలజీ పత్రికలో వచ్చింది. ఇక రోలర్ తిప్పిన చర్మం మీద ముళ్ల సీరమ్ రాయడమంటే తెరిచిన గాయంలోకి సిలికా రుద్దడమే. అదే రాత్రి రెటినాల్, గ్లైకోలిక్ యాసిడ్ కూడా వద్దు.

అపోహ: స్పిరిట్‌తో తుడిస్తే రోలర్ శుభ్రమైనట్టే.

స్పిరిట్ చాలా క్రిములను చంపుతుంది. కానీ సూదుల మొదట్లో ఎండిన రక్తం, చర్మపు తునకలు ఉంటే వాటి అడుగున దాగినవాటిని చేరలేదు. అక్కాచెల్లెళ్లు, హాస్టల్ స్నేహితురాళ్లు ఒకే రోలర్ వాడటం మరీ పొరపాటు. అమెరికాలోని న్యూ మెక్సికోలో రక్తంతో చేసే మైక్రోనీడ్లింగ్ ఫేషియల్ వల్ల హెచ్‌ఐవీ సోకినట్టు 2018లో బయటపడిన ఉదంతాన్ని అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ నమోదు చేసింది. ఆ స్పాలో పరికరాల శుభ్రత ఘోరంగా ఉంది. పార్లర్‌లో చేయించుకునేవాళ్లు సూదుల సీలు తమ కళ్ల ముందే విప్పమని మొహమాటం లేకుండా అడగాలి. ఈ ఒక్క విషయంలో సీరమ్‌దే పైచేయి.

అపోహ: సీరమ్ సహజమైనది, ఏ చర్మానికైనా సరిపడుతుంది.

మనవాళ్ల చర్మానికి ఒక గుణం ఉంది. మొటిమైనా, దోమకాటైనా, వాక్సింగ్ మంటైనా మానాక నల్లటి మచ్చ వదిలి వెళ్తుంది. చామనఛాయ, నలుపు చర్మంలో మంట పుట్టినప్పుడల్లా మెలనిన్ అదనంగా తయారవడమే కారణం. కొరియా అమ్మాయి బుగ్గ మీద రెండు రోజుల్లో తగ్గే ఎరుపు, మన దగ్గర నెలల తరబడి ఉండే మచ్చ కావచ్చు. మంగు మచ్చలు ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. అవి పోతాయనుకుని గుచ్చితే ఇంకా ముదరవచ్చు. రోలర్‌కూ సీరమ్‌కూ ఈ హెచ్చరిక సమానమే. ఎండాకాలంలో, సన్‌స్క్రీన్ రాసే అలవాటు లేకుండా, పెళ్లి ఇంకో వారం ఉందనగా ఇలాంటి ప్రయోగం మొదలుపెట్టడం నా దృష్టిలో కోరి తెచ్చుకునే తంటా. చీము మొటిమలు, ఎగ్జిమా, పులిపిర్లు, పెదవి దగ్గర హెర్పిస్ పొక్కులు ఉన్నప్పుడు రెండూ ముట్టుకోకూడదు. రోలర్ ఆ క్రిములను ముఖమంతా నాటుతుంది. దెబ్బ తగిలినచోట ఉబ్బెత్తు మచ్చ, అంటే కీలాయిడ్, లేచేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా ముందుకు పోకూడదు.

అపోహ: రోలర్ తిప్పితే బట్టతల మీద జుట్టు వస్తుంది.

ఈ మాటకు మూలం 2013లో వెలువడిన మన దేశపు అధ్యయనం. వంద మంది మగవాళ్లలో సగం మంది జుట్టు పెరగడానికి రాసే మందు మినాక్సిడిల్ మాత్రమే వాడారు. మిగతా సగం దానికి తోడు వారానికోసారి 1.5 మిల్లీమీటర్ల రోలర్ చేయించుకున్నారు. పన్నెండు వారాలకు రెండో జట్టులో వెంట్రుకలు స్పష్టంగా ఎక్కువ పెరిగాయి. మందు లేకుండా ఉత్త రోలర్‌ను అందులో పరీక్షించలేదు. సూది పడిన రోజు మినాక్సిడిల్ రాయనివ్వలేదు కూడా. రీల్స్‌లో ఈ ముక్క ఎగిరిపోతుంది.

అపోహ: వాడేసిన రోలర్‌ను చెత్తబుట్టలో పడేస్తే సరి.

అవి సూదులు. చెత్త వేరుచేసే పారిశుద్ధ్య కార్మికుల చేతుల్లో దిగుతాయి. గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత బిగించి, పైన ‘సూదులు’ అని రాసి, తడి, పొడి చెత్తలతో కలపకుండా విడిగా ఇవ్వాలి.