తామర వలయానికి బయట

దురద తగ్గిందని మందు ఆపేశావా? ఇలా రా నాన్నా, ఆ చెయ్యి వెలుతురులో పెట్టు, చూద్దాం.

అదుగో, చుట్టూ ఎర్రగా ఉబ్బి పొట్టు రేగుతున్న అంచు, మధ్యలో మామూలు చర్మం. తామరే ఇది. లోపల పురుగేం లేదు, భయపడకు. బూజు జాతికి చెందిన ఫంగస్. మన చర్మం పైపొరలో, గోళ్లలో, జుట్టులో ఉండే కెరటిన్ దీని తిండి. మధ్యలో ఒళ్లు దాన్ని అణచేస్తుంటే, అది కొత్త మేత కోసం అంచుల్లోంచి బయటికి పాకుతుంది. ఎండుగడ్డిలో నిప్పు పడ్డప్పుడు మధ్యలో ఆరిపోయి చుట్టూ మంట జరుగుతూ పోవడం చూశావుగా, అలా అన్నమాట. అందుకే మందు ఎర్రటి గీత మీదే కాదు, దాన్ని దాటి ఇంకో 2 సెంటీమీటర్లు బాగున్న చర్మం మీద కూడా రాయాలి.

మందు ఫంగస్‌నే పట్టుకుని మనల్నెలా వదిలేస్తుందంటావా? అసలు ముచ్చట అదే. ప్రతి కణం చుట్టూ సన్నని పొర ఉంటుంది. మన కణాల పొరకి బలం కొలెస్ట్రాల్. ఫంగస్ పొరకి ఎర్గోస్టెరాల్. క్లోట్రిమజోల్ అనే తామర మందు ఆ ఎర్గోస్టెరాల్ తయారుకాకుండా అడ్డుపడుతుంది. పొర చితికి ఫంగస్ పెరగడం ఆగిపోతుంది. ఆగిందంటే చచ్చిందని కాదు సుమా! అది పట్టిన పైచర్మం రాలి కొత్తది రావడానికి దాదాపు నెల పడుతుంది. మచ్చ పోయాక కూడా మరో రెండు వారాలు రాయమని డాక్టర్లు చెప్పేది అందుకే. నువ్వేమో దురద పోగానే ట్యూబు పక్కన పడేశావు.

సరే, ఆ ట్యూబు మీద పేర్లన్నీ చదువు. క్లోబెటసాల్, బీటామెథసోన్ లాంటివి ఉంటే అది స్టెరాయిడ్ కలిపిన క్రీము. రెండ్రోజుల్లో ఎరుపు, దురద మాయమై ప్రాణం హాయిగా ఉంటుంది. కానీ ఒంటి కాపలా నిద్రపోయి, ఫంగస్ కింద నిక్షేపంగా పాకుతుంది. వలయం చెదిరి, డాక్టరు కూడా గుర్తుపట్టడం కష్టమవుతుంది. తొడల సందుల్లో ఎక్కువకాలం రాస్తే చర్మం పలచబడి చారలు పడతాయి, అవి మళ్లీ పోవు. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ పూతమందులకి డాక్టరు చీటీ తప్పనిసరి చేసింది. అయినా మందుల షాపులో అడిగితే ఇచ్చేస్తున్నారు. నాకు బాధ అక్కడే.

ఇంకోటి విను. జపాన్‌లో ఉన్న భారత, నేపాల్ రోగుల చర్మంలో దొరికిన ఒక రకం ఫంగస్‌కి అక్కడి శాస్త్రజ్ఞులు 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. టెర్బినాఫిన్ అనే మంచి మందుకి అది చాలాచోట్ల లొంగడం లేదు. మన దేశంలో మొండి తామర ఇంతగా పాకడానికి దీని చెయ్యి పెద్దదే. కాబట్టి మందు సరిగ్గా రాసినా నాలుగు వారాల్లో తగ్గకపోతే చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్దాం. తలలో గానీ గోళ్లలో గానీ వస్తే పూత లోపలిదాకా చేరదు, మాత్రలు కావాలి.

ఇక నీ తువ్వాలు వేరే పెట్టుకో. బట్టలు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరెయ్యి. తమ్ముడికి కూడా మెడ మీద మచ్చ ఉందన్నావుగా, వాణ్ణీ పిలువు.